అంతరిక్ష లిఫ్టు: వదిలిన రాయి ఎటు పోతుంది?

కర్నూలులో ఒక పాఠశాల విజ్ఞాన ప్రదర్శనలో నిరుడు వచ్చిన పేచీ ఈ ఏడూ వచ్చింది. తొమ్మిదో తరగతి అమ్మాయి అంతరిక్ష లిఫ్టు నమూనా పెట్టింది, అంటే నేల నుంచి అంతరిక్షం దాకా సాగే తాడు మీద ఎక్కే లిఫ్టు. 400 కిలోమీటర్ల ఎత్తులో లిఫ్టు తలుపు తీసి రాయి వదిలితే ఏమవుతుందని న్యాయనిర్ణేతలు అడిగారు. ‘కింద పడుతుంది’ అంది. అంతరిక్షంలో బరువుండదు కాబట్టి తేలుతుందన్నది వారి వాదన.

ఈఫిల్ టవర్‌ను చూసి 1895లో రష్యా శాస్త్రవేత్త సియోల్కోవ్‌స్కీ ఆకాశ గోపురాన్ని ఊహించిన కథ అందరూ చెప్పేదే, వదిలేద్దాం. ఈ తగవుకు జవాబు 1960 జులై 31 నాటి ‘కొమ్సొమోల్‌స్కయా ప్రావ్దా’ పత్రికలో ఉంది. లెనిన్‌గ్రాడ్ ఇంజనీరు యూరి అర్త్సుతానోవ్ అందులో ఆ ఊహను తిరగేశాడు. కొండారెడ్డి బురుజులా కింది నుంచి పేర్చుకుంటూ పోవద్దు, పైనుంచి వేలాడదీయండి అన్నాడు. భూమధ్యరేఖకు 35,786 కి.మీ. పైన తిరిగే ఉపగ్రహం 23 గంటల 56 నిమిషాల్లో, అంటే భూమితో పాటే, ఒక చుట్టు తిరుగుతుంది. అక్కడి నుంచి ఒక తాడు కిందికి దించాలి, దానికి సరితూగేలా మరొకటి పైకి వదలాలి. జొన్నచేలో మంచె మీద నిలబడి వడిసెల తిప్పినవారికి తాడు ఎందుకు బిగుస్తుందో వేరే చెప్పాలా? (కర్నూలు భూమధ్యరేఖకు దాదాపు 16 డిగ్రీలు ఉత్తరాన ఉంది. ఇక్కడ కడితే తాడు దక్షిణానికి వంగుతుంది.)

అంటే ఈ తాడు మీద బరువు పూర్తిగా పోయేది ఆ 35,786 దగ్గరే. 400 కి.మీ. ఎత్తులో భూమి ఆకర్షణ ఇంకా 88 శాతం ఉంటుంది. అదే ఎత్తులో అంతరిక్ష కేంద్రంలోని వ్యోమగాములు తేలుతున్నారంటే, ఆ కేంద్రం సెకనుకు 7.6 కి.మీ. వేగంతో, పడుతూనే భూమిని చుట్టేస్తూ పరుగెడుతోంది కనుక. లిఫ్టు భూమితో పాటు తిరిగేదే కదా, దాని వేగం సెకనుకు అర కిలోమీటరు. రాయి పడక ఏం చేస్తుంది? దాదాపు 23,000 కి.మీ. ఎత్తు వరకు ఎక్కడ వదిలినా వాతావరణంలోకే వచ్చి పడుతుంది. ఆపైన అయితే కోలకక్ష్యలో తిరుగుతుంది. సుమారు 47,000 దాటాక వదిలితే ఇక భూమికి చిక్కదు.

న్యాయనిర్ణేతల పక్షాన ఒక మాట: పాఠాలన్నీ అంతరిక్షం అనగానే తేలే మనుషుల బొమ్మే చూపిస్తాయి.

ఇక తాడు సంగతి. మంచి ఉక్కు తీగ అయినా పాతిక ముప్పై కిలోమీటర్ల పొడవున వేలాడితే తన బరువుకే తెగుతుంది. అందుకే 1975లో అమెరికా ఇంజనీరు జెరోమ్ పియర్సన్ లెక్కగట్టిన తాడు రెండు కొసల్లో సన్నగా, లాగుడు అన్నిటికంటే ఎక్కువగా ఉండే భూస్థిర కక్ష్య (ఆ 35,786 కి.మీ. ఎత్తు) దగ్గర లావుగా ఉంటుంది. 1991లో కార్బన్ నానోట్యూబులు (ఉక్కు కంటే ఎంతో గట్టివైన అతిసన్నని కార్బన్ గొట్టాలు) వెలుగులోకి వచ్చాక ఆశ పెరిగింది. జపాన్‌కు చెందిన ఒబయాషి సంస్థ 2012లో 96,000 కి.మీ. తాడుతో ప్రణాళిక ప్రకటించింది. అంత పొడవు తాడు ఇంకా ఎవరూ పేనలేదు.

అమ్మాయి నమూనాలో నల్లదారం ఒకచోట లావుగా ఉంది. అక్కడ మూడు నాలుగు వరసలు చుట్టి జిగురు పెట్టింది. మార్కుల కాగితంలో ‘దారం సమంగా లేదు’ అని రాసి, దానికి ఇంకో రెండు మార్కులు కోశారు.