మూడు కిలోల పెట్టల మధ్య ముప్పావు కిలో కోడి

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో కోడి కూత వినపడని పల్లె ఉండదు. మామిడితోటల్లో నాటుకోళ్ళు, పలమనేరు, కుప్పం వైపు బెంగళూరు పశువైద్య కళాశాల తయారుచేసిన గిరిరాజాలు, ఇంకోచోట హైదరాబాద్ రాజేంద్రనగర్ పరిశోధన కేంద్రం ఇచ్చిన వనరాజాలు, గ్రామప్రియలు. ఈమధ్య తిరుపతి టౌన్లో మిద్దెల మీద మరో రకం కనిపిస్తోంది. బాంటమ్ కోళ్ళు. చాలావరకు కిలో కూడా తూగవు. వాటిలో సెరామా అనే రకం సాధారణంగా అరకిలో దాటదు. పుంగనూరు పొట్టి ఆవును కన్న గడ్డ కదా, పొట్టి కోడి మీద మనకు మోజు పుట్టడంలో వింతేమీ లేదు.

పిల్లలు ముచ్చటపడ్డారని జంటను కొనుక్కొస్తారు. మొదటి రాత్రి అట్టపెట్టెలో పడుకోబెడతారు. మర్నాడు పొద్దున్నే తీసుకెళ్ళి పెద్దకోళ్ళ మధ్య వదులుతారు. మధ్యాహ్నానికి ఒకదాని తల మీద రక్తం. 'పాపం, పొట్టిది కదా, అందుకే చావగొడుతున్నాయి' అని ఇంటిల్లిపాదీ తీర్పు చెప్పేస్తారు. ఆ తీర్పులో సగమే నిజం ఉంది.

అసలు కోళ్ళలో పొట్టివి ఏవి, పెద్దవి ఏవి అన్నది చూద్దాం. మన పెంపుడు కోళ్ళకు మూలమైన ఎర్ర అడవికోడిని తూకం వేస్తే పెట్ట కిలో లోపే ఉంటుంది, పుంజు కిలో చిల్లర. అంటే బాంటమ్ దాని ముత్తాతల సైజులోనే ఉంది. మాంసానికని, గుడ్లకని, పందేలకని మనిషి ఏరి ఏరి పెంచితే లావెక్కినవి మిగతావి. పెద్ద జాతులను కావాలని కుదించి చేసిన బాంటమ్‌లు కూడా ఉన్నాయనుకోండి. శేషాచలం అడవుల్లో తిరిగేది ఎర్ర అడవికోడి కాదు, దానికి దాయాది అయిన బూడిదరంగు అడవికోడి. దానికీ మన దొడ్డికీ ఒక చుట్టరికం ఉంది. చాలా కోళ్ళకు కాళ్ళు పసుపుపచ్చగా ఉంటాయి చూడండి, ఆ రంగునిచ్చే జన్యువు ఎప్పుడో బూడిదరంగు అడవికోడితో జరిగిన సంకరం వల్ల వచ్చిందని 2008లో స్వీడన్ శాస్త్రవేత్తలు తేల్చారు.

ఇక పొడుచుకోవడం సంగతి. దీన్ని మొదట లెక్కగా రాసిపెట్టినవాడు నార్వేకు చెందిన థోర్లీఫ్ షెల్డరప్-ఎబ్బె. చిన్నప్పటి నుంచీ ఇంటి కోళ్ళను గమనిస్తూ, ఏది దేన్ని పొడుస్తోంది, ఏది తప్పుకుంటోంది అని నోటుపుస్తకాల్లో రాసుకునేవాడు. 1922లో దాన్ని జర్మన్ భాషలో వ్యాసంగా అచ్చువేశాడు. అతను చూసింది ఇది: గుంపులో ఏ రెండు పెట్టలను తీసుకున్నా వాటి మధ్య ఎవరు పై, ఎవరు కింద అన్నది ముందే తేలిపోయి ఉంటుంది. పై కోడి మేత దగ్గరికి వస్తే కింది కోడి పక్కకు జరుగుతుంది. అందరినీ పొడిచేది ఒకటి, అందరిచేతా పొడిపించుకునేది ఒకటి, మిగతావి ఆ రెండింటి మధ్యన. మనకు క్రూరంగా కనిపిస్తుంది గానీ ఈ ఏర్పాటు గొడవలను తగ్గించడానికే. వరస తేలిపోయిన గుంపులో నిజమైన కొట్లాటలు అరుదు. మెడ కొంచెం ఎత్తి చూస్తే చాలు, ఎదుటిది సర్దుకుంటుంది.

ఇప్పుడు లెక్క వేయండి. మీ దగ్గర ఎనిమిది పెట్టలుంటే వాటి మధ్య 28 జతల సంబంధాలు. మరో రెండు బాంటమ్ పెట్టలను కలిపారు. కొత్తగా తేలాల్సినవి 17. వచ్చిన రెండూ పాత ఎనిమిదింటితో ఒక్కొక్కటీ ఎదురుపడాలి, ఆపైన ఆ రెండింటి మధ్య కూడా తేలాలి. మొత్తం ఒకే పొద్దున, ఒకే మేత గిన్నె దగ్గర. తిరుమల క్యూలో మధ్యలో దూరిన మనిషికి ఎంత మర్యాద దక్కుతుందో వాటికీ అంతే దక్కుతుంది. ఆ మనిషి పొట్టా పొడుగా అని ఎవరూ చూడరు.

కోళ్ళు ఒకదాన్నొకటి గుర్తుపట్టేది ముఖ్యంగా తల చూసి. తలమీది ఎర్ర తురాయి, గదువ కింద వేలాడే తోలు, మెడ ఈకలు. 1950లలో అమెరికాలో చేసిన ప్రయోగాల్లో తురాయి ఆకారం మార్చినా, తలకు మెడకు రంగు పూసినా సొంత గుంపులోని కోళ్ళే దాన్ని కొత్తదనుకుని మీదపడ్డాయి. ఆ జ్ఞాపకం కూడా ఎక్కువ కాలం నిలవదు. జబ్బు చేసిన పెట్టను రెండు మూడు వారాలు విడిగా ఉంచి తిరిగి తెస్తే మళ్ళీ పరాయిదాన్ని చూసినట్టే చూస్తాయి. మూడు కిలోల గిరిరాజకే ఆ గతి పడుతుంది.

మరి కొత్తగా ఎదురుపడ్డ రెండు పెట్టల్లో ఏది గెలుస్తుంది? నికొలస్ కొలియాస్ అనే శాస్త్రవేత్త 1943లో ఇలాంటి తొలి కొట్లాటల మీద లెక్కలు కట్టి చూశాడు. పెద్ద తురాయి ఉన్నది, ఈకలు రాల్చే దశలో లేనిది, తన పాత గుంపులో పైవరసలో ఉన్నది ఎక్కువగా గెలిచాయి. బరువు ప్రభావం చాలా తక్కువ. తురాయి సైజు ఒంట్లోని మగ హార్మోన్‌కు గుర్తు, పెట్టల్లో కూడా. దానికితోడు సొంత జాగాలో ఉన్నదానికి ధైర్యం ఎక్కువ. బాంటమ్‌లు ముందు నుంచీ ఉన్న దొడ్లోకి పెద్ద పెట్టలను తెచ్చినచోట, పొట్టిది వెంటపడి తరుముతుంటే పెద్దది పరుగెత్తడం కనిపిస్తుంది. చూడ్డానికి భలే ఉంటుంది.

బరువు లెక్కలోకి వచ్చేది దెబ్బ తగిలాక. అదే పొడుపు సాటి గిరిరాజకు ఒక ఈక ఖర్చు, బాంటమ్‌కు కన్ను పోవచ్చు. దూదిలాంటి మెత్తటి ఈకలుండే సిల్కీ అనే పొట్టి జాతి విషయంలో ఇంకా జాగ్రత్త. తల మీది కుచ్చు కళ్ళకు అడ్డుపడి వచ్చే పొడుపు దానికి కనపడదు. పైగా కొన్ని సిల్కీలకు, కుచ్చు తలల జాతులకు నడినెత్తిన పుర్రె ఉబ్బెత్తుగా, సరిగా మూసుకోకుండా ఉంటుంది. అక్కడ గట్టి పొడుపు ఒక్కటి చాలు. అందుకే నా మటుకు నాకు వాటి హోదా గురించి బెంగ లేదు. అడుగు వరసలో బతికినా ఫరవాలేదు. ఆ హోదా తేలేలోగా గాయం కాకుండా చూడడమే మన పని.

కలపడానికి ముందు ఇంకో విషయం ఉంది, చాలామంది దాటేసేది. సంతలో కొన్న కోడి, ఫ్యాన్సీ షాపులో కొన్న కోడి పది ఊళ్ళ కోళ్ళతో ఒకే బోనులో ఉండి వస్తుంది. కొక్కెర తెగులు పైకి కనపడడానికి సాధారణంగా వారం లోపే పడుతుంది గానీ గరిష్ఠంగా 21 రోజులు లెక్కేస్తారు. గురక రోగం తెచ్చే క్రిములు పైకి ఆరోగ్యంగా కనిపించే కోడిలోనే దాక్కుని, టెన్షన్ పడినప్పుడు బయటపడతాయి. కాళ్ళు పడిపోయేలా చేసే మారెక్స్ వైరస్ ఈకల దుమ్ములో ప్రయాణిస్తుంది. దాని టీకా పిల్ల పుట్టిన రోజే వేయాలి, ఇంట్లో పొదిగించి అమ్మేవాళ్ళలో వేసేవాళ్ళు తక్కువ. కాబట్టి కనీసం మూడు వారాలు, వీలైతే నెల, కొత్తవాటిని దూరంగా ఉంచాలి. ముందు పాతవాటికి మేత వేసి, తర్వాత కొత్తవాటి దగ్గరికి వెళ్ళాలి, చెప్పులతో సహా మార్చుకుని. ఈలోగా రెండు గుంపులకూ టీకాల సంగతి పశువుల ఆసుపత్రిలో కనుక్కోండి.

ఆ తర్వాత జాలీ. అరంగుళం కన్నాల గట్టి జాలీతో గూట్లోనో దొడ్లోనో ఒక మూల అడ్డుకట్టి బాంటమ్‌లను అందులో పెట్టాలి. రెండు వైపులా జాలీకి ఆనించి మేత గిన్నెలు ఉంచాలి. మొదటి రోజు పెద్ద పెట్ట ఒకటి వచ్చి నిలబడుతుంది. తల పక్కకు తిప్పి ఒంటికన్నుతో చూస్తుంది. మెడ ఈకలు గొడుగులా విచ్చుకుంటాయి. జాలీ మీద టక్ టక్‌మని రెండు పొడుపులు. అవతలి బాంటమ్ తల వంచితే అక్కడితో సరి. తల వంచకుండా తనూ మెడ రేపిందంటే, వరస తేల్చుకునే తంతు దెబ్బ తగలకుండా మొదలైనట్టే. నాలుగైదు రోజులకు రెండు వైపులవీ ఒకదాని పక్కన ఒకటి తలొంచి నూకలు తింటుంటాయి. ఈకలు రేగడం ఆగేదాకా తలుపు తీయకండి. రెండు వారాలు పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ.

జాలీ పనిచేయడానికి చూపు అలవాటొక్కటే కారణమనుకోకండి. కోళ్ళు పక్కవాటి కొట్లాటలు చూసి కూడా నేర్చుకుంటాయి. 1996లో కెనడాలోని క్యుబెక్ పరిశోధకులు దీన్ని పరీక్షించారు. తన మీద పెత్తనం చేసే పెట్ట ఒక కొత్తదాని చేతిలో ఓడిపోవడం చూసిన కోడి, ఆ కొత్తదానితో తలపడడానికి వెనుకాడింది. 'మా పెద్దదాన్నే ఓడించింది, నేనెంత' అన్న లెక్క దానికి వచ్చిందన్నమాట. కాబట్టి 17 జతలకు 17 కొట్లాటలు జరగక్కర్లేదు. కొన్ని చూపుతోనే తీరిపోతాయి.

"రాత్రి పూట గూట్లోకి తోసేయ్ కా, తెల్లారితే అన్నీ కలిసిపోతాయి" అనే సలహా మన ఊళ్ళలో ప్రతి పెద్దమ్మా ఇస్తుంది. అందులో శాస్త్రం కొంత ఉంది. కోడికి పగటి చూపు మనకంటే మెరుగు. మన కంట్లో రంగులను పట్టే కణాలు మూడు రకాలైతే దానికి నాలుగు. చీకటి పడితే మాత్రం దాదాపు గుడ్డిదే, దండెం మీద కదలకుండా కూర్చుంటుంది. కాబట్టి రాత్రి కొట్లాట జరగదు. కానీ తెల్లారగానే చూపు వస్తుంది, పక్కన పరాయి తల కనిపిస్తుంది, అదీ తలుపు వేసిన ఇరుకు గూట్లో. జాలీ దగ్గర పరిచయం అయ్యాక రాత్రి పూట చేర్చడం మంచి పద్ధతే. పరిచయం లేకుండా చేర్చితే కొట్లాట ఆరు గంటలు వాయిదా పడుతుంది, అంతే. చేర్చిన మర్నాడు మీరు కోడికంటే ముందు లేచి తలుపు తీయాలి.

కలిపాక పొట్టితనమే బాంటమ్‌కు అక్కరకొస్తుంది. కోళ్ళగంపను బోర్లించి అంచు కింద ఇటుకలు పెట్టి కొంచెం ఎత్తండి. బాంటమ్ దూరుతుంది, గిరిరాజ దూరలేదు. లోపల గిన్నెలో గుప్పెడు నూకలు, నీళ్ళు. చాలా బాంటమ్‌లు బాగా ఎగురుతాయి కాబట్టి ఎత్తున ఒక దండెం కట్టినా సరే. సిల్కీలకు ఇది పనికిరాదు. వాటి ఈకల్లో పోచలను కలిపి పట్టే కొక్కేలు లేవు, ఎగరలేవు. మేత ఒకచోటే పోయకండి, ఒకదాని దగ్గర నిలబడితే రెండోది కనపడనంత దూరంలో పెట్టండి. ఇంకా గుడ్లకు రాని బాంటమ్‌లు గుడ్లు పెట్టే పెద్దకోళ్ళకు వేసే లేయర్ మేత తినకూడదు, అందులోని కాల్షియం వాటి మూత్రపిండాలను పాడుచేస్తుంది. అందరికీ ఎదిగే కోళ్ళకు వేసే గ్రోయర్ మేత వేసి, గవ్వపొడి విడిగా పెడితే గుడ్లు పెట్టేవి అవే తింటాయి.

రక్తం కనపడితే మాత్రం ఆ కోడిని వెంటనే తీసేయాలి. రక్తపు ఎరుపు మిగతా కోళ్ళను ఆకర్షిస్తుంది, ఒకటి మొదలుపెడితే మిగతావీ చేరతాయి. దాడి చేసేది ఎప్పుడూ ఒకటే అయితే దాన్నే వారం పది రోజులు బయట పెట్టి చూడండి. తిరిగొచ్చేసరికి వరస మారి ఉంటుంది. పెద్ద పుంజు సంగతి వేరు. అది ఉంటే పెట్టల మధ్య గొడవల్లో అడ్డుపడుతుంది, మంచిదే. కానీ నాలుగు కిలోల పుంజు ముప్పావు కిలో పెట్టనెక్కితే వీపు చీరుకుపోతుంది. పందెం జాతి అసీల్ పుంజున్న దొడ్లో బాంటమ్ పెట్టను వదలొద్దు.

కాలం కూడా చూసుకోవాలి. కోడి ఒంటి వేడి మామూలుగానే 41, 42 డిగ్రీలు, చెమట పట్టదు. మే నెలలో తిరుపతి ఎండ నలభై దాటుతుంటే నోరు తెరిచి రొప్పడమే దాని ఏసీ. ఆ స్థితిలో తరుముకోవడాలు పెడితే పెద్ద కోళ్ళే ముందు పడిపోతాయి. చిన్న ఒంటికి బరువుతో పోలిస్తే చర్మం ఎక్కువ, వేడి త్వరగా పోతుంది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా మన వానల్లో తిప్పలు సిల్కీకి. కొక్కేలు లేని ఈకలు దూదిలా నీళ్ళు పీలుస్తాయి. జనవరి, ఫిబ్రవరి అన్నిటికీ అనువు.

ఈ తతంగమంతా వద్దనుకునేవాళ్ళకు వేరే దారి ఉంది, కొంచెం ఓపిక కావాలి. సిల్కీలు, చాలా బాంటమ్‌లు పొదుగుకు కూర్చోవడంలో గట్టివి. దాని కింద నాటుకోడి గుడ్లు నాలుగైదు పెట్టండి, అంతకంటే ఎక్కువ దాని రెక్కల కింద పట్టవు. 21 రోజులకు పిల్లలు దిగుతాయి. అవి కళ్ళు తెరిచింది మొదలు దాని వెంటే తిరుగుతాయి, దాని కోపం, దాని పిలుపు నేర్చుకుంటాయి. ఆర్నెల్లకు తల్లికంటే బాగా పెద్దవవుతాయి. అయినా మేత గిన్నె దగ్గరికి అది వస్తే పక్కకు జరిగేది ఎక్కువగా ఆ పిల్లలే. గుడ్లు మాత్రం చలికాలంలో పెట్టండి, ఎండల్లో నిలవ ఉన్న గుడ్డు పిల్ల కావడం కష్టం.