డబుల్ మార్కర్ నార్మల్ వస్తే బీపీ రాదా? గుర్రపువాతం రక్తపరీక్షలపై అపోహలు - వాస్తవాలు

"ఎన్టీ స్కాన్ బాగుంది, డబుల్ మార్కర్ నార్మల్, ఇక నాకు బీపీ భయం లేదు కదా మేడమ్?" ఓపీలో ఈ మాట వినని వారం ఉండదు. ఎన్టీ స్కాన్ అంటే మూడో నెలలో బిడ్డ మెడ వెనక భాగాన్ని చూసే స్కాన్. ఇక్కడ బీపీ అంటే గర్భం 20 వారాలు దాటాక బీపీ పెరిగి తల్లీబిడ్డలకు ప్రమాదం తెచ్చే జబ్బు. దాన్నే ప్రీఎక్లాంప్సియా, మన వాడుకలో గుర్రపువాతం అంటాం.

అపోహ: డబుల్ మార్కర్ నార్మల్ అయితే ప్రీఎక్లాంప్సియా రాదు.

డబుల్ మార్కర్ అనే రక్తపరీక్ష ప్రధానంగా చూసేది బిడ్డకు డౌన్ సిండ్రోమ్ లాంటి క్రోమోజోమ్ లోపాల అవకాశాన్ని. బీపీ ముప్పు అంచనా వేయాలంటే అదే సమయంలో, అంటే 11 నుంచి 13 వారాల మధ్య, పీఎల్‌జీఎఫ్ అనే ప్రోటీన్ కూడా కొలవాలి. మాయ సరిగ్గా పాతుకోని వాళ్లలో ఇది తగ్గుతుంది. అదొక్కటే చూసినా చాలదు. బీపీ, గర్భాశయ రక్తనాళాల డాప్లర్ (రక్తప్రవాహం చూసే స్కాన్), వయసు, బరువు, తొలిచూలా కాదా, అమ్మకో అక్కకో వచ్చిందా, షుగర్, కిడ్నీ జబ్బు ఉన్నాయా, ఇవన్నీ కలిపి లెక్క కడతాం. ఇంతా చేస్తే, 37 వారాల లోపు జబ్బు వచ్చే వాళ్లలో 100కి సుమారు 75 మందినే ముందుగా గుర్తించగలం. నెలలు నిండాక వచ్చేది ఇంకా ఎక్కువగా తప్పించుకుంటుంది.

అపోహ: ముందే తెలిస్తే టెన్షన్ తప్ప లాభం లేదు.

ఈ మాట నన్ను నిజంగా బాధపెడుతుంది, ఎందుకంటే మన చేతిలో మందు ఉంది. ముప్పు ఎక్కువని తేలిన వాళ్లకు 11-14 వారాల మధ్య మొదలుపెట్టి 36 వారాల వరకు రోజూ రాత్రి 150 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ఇస్తే, 37 వారాల లోపు వచ్చే ప్రీఎక్లాంప్సియా 4.3 శాతం నుంచి 1.6 శాతానికి తగ్గిందని 2017లో ఆస్ప్రీ అధ్యయనం చూపించింది. ఏడో నెలలో మొదలుపెడితే ఈ ఫలితం రాదు. అలాగని ఇంట్లో నాన్నగారి గుండె మాత్రల్లోంచి ఒకటి తీసి వేసుకోకండి, ఎవరికి ఇవ్వాలో డాక్టరే చూడాలి.

అపోహ: ఒకసారి పరీక్ష అయితే కాన్పు దాకా నిశ్చింత.

తొలిచూలు అమ్మాయి, శ్రీమంతం అయ్యి పుట్టింటికి వచ్చింది, పాత ఫైలు అత్తారింట్లోనే ఉండిపోయింది. 34వ వారం. రెండు రోజులుగా తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు, అయినా మూడో నెలలో టెస్ట్ బాగుందన్నారని మాత్ర వేసుకుని పడుకుంది. శ్రీమంతంలో వదులుగా తొడిగిన మట్టిగాజులు ముంజేతికి బిగుసుకుపోయి ఉన్నాయి, కాస్త జరిపితే కింద చర్మం మీద ఎర్రటి గీతలు. బీపీ చూస్తే 170/110. మూర్ఛ రాకుండా మెగ్నీషియం సల్ఫేట్ పెట్టి, బీపీ అదుపులోకి తెచ్చి మర్నాడు కాన్పు చేశాం. తల్లీబిడ్డా క్షేమం, కానీ ఇంకో రాత్రి ఇంట్లోనే ఉండి ఉంటే ఏమయ్యేదోనని ఇప్పటికీ అనిపిస్తుంది.

అపోహ: రెండోసారి పరీక్షలో రేషియో ఎక్కువ వస్తే జబ్బు ఖాయం.

ఇది వేరే పరీక్ష, 20 వారాలు దాటాక అనుమానం ఉన్నప్పుడు చేసేది. ఇబ్బందిలో పడ్డ మాయ ఎస్ఎఫ్ఎల్‌టీ-1 అనే ప్రోటీన్‌ని ఎక్కువగా వదులుతుంది, అది పీఎల్‌జీఎఫ్‌ని పట్టేసుకుని తల్లి రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీస్తుంది. పరిశోధకుడు అనంత్ కరుమంచి బృందం 2003లో ఈ సంగతి బయటపెట్టింది. ఈ రెండింటి రేషియో 38 లేదా తక్కువ ఉంటే వచ్చే వారం రోజుల్లో జబ్బు వచ్చే అవకాశం చాలా తక్కువ. గమనించండి, వారం మాత్రమే. 38 దాటితే జబ్బు వచ్చేసిందని కాదు, కన్నేసి ఉంచాలని.

అపోహ: ఉప్పు మానేస్తే రాదు.

జబ్బు మూలం మాయలో ఉంది, ఉప్పులో కాదు.

అపోహ: కాన్పు అయితే గండం గడిచినట్టే.

కాన్పు తర్వాత ఆరు వారాల వరకు కూడా రావచ్చు. బాలింత తలనొప్పి అంటే చలిగాలి తగిలిందని చెవుల్లో దూది పెట్టి పడుకోబెడతారు. దూది పెట్టండి, కాదనను, కానీ ముందు బీపీ చూడండి. వీపు ఆనించి కూర్చోబెట్టి, చెయ్యి గుండె ఎత్తులో ఉంచి, జాకెట్ చెయ్యి మీద కాకుండా ఒంటి మీద పట్టీ కట్టి చూడాలి. 140/90 దాటితే ఆ రోజే డాక్టర్‌కి చెప్పండి, 160/110 ఉంటే వెంటనే ఆసుపత్రికి బయలుదేరండి.