తల్లి తిన్న కొవ్వు, పిల్ల ఒంట్లో

చలికాలం పొద్దున హన్మకొండలో వనస్పతితో చేసిన పఫ్‌ను కొరికితే అంగిలికి మైనంలాంటి పూత అంటుకుంటుంది. ఇంట్లో పల్లి నూనెతో కాల్చిన సకినం తింటే నూనె వేలికి అంటుతుందే తప్ప గడ్డకట్టదు. వనస్పతి గట్టిదనానికి సంతృప్త కొవ్వులతో పాటు ట్రాన్స్ కొవ్వులు కూడా కారణం. నూనెలోకి హైడ్రోజన్‌ను పాక్షికంగా ఎక్కించినప్పుడు, సహజంగా వంగి ఉండే కొన్ని అణువులు తిన్నగా సాగిపోతాయి. నూనెలో వంగి ఉండే ఓలియిక్ ఆమ్లం సుమారు 13 డిగ్రీల దగ్గరే కరిగితే, అవే పరమాణువులతో తిన్నగా ఉండే దాని ట్రాన్స్ రూపం, ఎలైడిక్ ఆమ్లానికి 45 డిగ్రీల వరకు వేడి కావాలి. ఆకారం మారడమే ఆ తేడాకంతటికీ కారణం.

గర్భిణులు, బాలింతలు ఉన్న ఇళ్లలో ఈ విషయం తప్పక తెలిసి ఉండాలని నా అభిప్రాయం. లినోలీక్, ఆల్ఫా లినోలెనిక్ అనే రెండు కొవ్వు ఆమ్లాలు ఒంటికి అవసరం, కానీ వాటిని శరీరం తయారు చేసుకోలేదు. తల్లి తిండి నుంచి అవి మాయ ద్వారా, ఆపైన పాల ద్వారా పిల్లకు చేరాలి. వాటిని అరాకిడోనిక్ ఆమ్లం, డీహెచ్‌ఏ అనే మరింత పొడవైన కొవ్వు ఆమ్లాలుగా మార్చే పనిలో డెల్టా-6 డీసాచురేజ్ అనే ఎంజైమ్‌ది మొదటి మెట్టు. మెదడు, కంటిలోని రెటీనా పొర ఎదిగే రోజుల్లో ఈ రెండింటి అవసరం ఎక్కువ. ట్రాన్స్ ఆమ్లాలు ఆ ఎంజైమ్‌ పనికి అడ్డుపడతాయి.

తల్లి పందులకు హైడ్రోజన్ ఎక్కించిన కొవ్వు పెట్టి చేసిన ప్రయోగాలలో, పుట్టిన వెంటనే పిల్లల ఒంట్లో ట్రాన్స్ ఆమ్లాలు కొద్దిగానే కనిపించాయి. పాలు తాగుతున్న కొద్దీ వాటి కొవ్వులో అవి పెరిగాయి. అంటే మాయ కొంత వడకడుతుంది గాని, పాలు తల్లి తిండిని దాచవు. మెదడులోకి చేరేది మాత్రం చాలా తక్కువ. తల్లి ఆహారంలో లినోలీక్ ఆమ్లం చాలినంత ఉంటే ఈ నష్టం తగ్గుతుంది, అది కొరవడిన చోటే ట్రాన్స్ ప్రభావం ముదురుతుంది. నెలలు నిండకుండా పుట్టిన మానవ శిశువుల రక్తంలో ట్రాన్స్ ఎక్కువున్నప్పుడు పొడవైన కొవ్వు ఆమ్లాలు తక్కువగా కనిపించాయి. ఇది సంబంధమే గాని, కారణానికి రుజువు కాదు.

మన దేశంలో 2022 జనవరి నుంచి నూనెలు, కొవ్వులలో పారిశ్రామిక ట్రాన్స్ కొవ్వుకు 2 శాతం పరిమితి ఉంది. బర్రె పాలలోనూ కొంత ట్రాన్స్ కొవ్వు సహజంగానే ఉంటుంది. నెమరువేసే పశువు పెద్దకడుపులోని సూక్ష్మజీవులు మేతలోని కొవ్వును మార్చినప్పుడు ముఖ్యంగా వాక్సెనిక్ ఆమ్లం పుడుతుంది. ఇది వనస్పతిలోని ఎలైడిక్ ఆమ్లం కాదు గనుక రెంటినీ ఒకే గాటన కట్టడం సరికాదు.

పుట్టిన గొర్రెపిల్ల సంగతి మరీ ఆసక్తికరం. గొర్రె మాయ లినోలీక్ ఆమ్లాన్ని సులువుగా దాటనివ్వదు, అందువల్ల పిల్ల రక్తంలో మీడ్ ఆమ్లం ఎక్కువగా ఉంటుంది. అవసరమైన ఆమ్లాలు అందనప్పుడు శరీరం సొంతంగా చేసుకునే ప్రత్యామ్నాయం అది. మందలో ఈనిన గొర్రె దగ్గరకు తూలుకుంటూ వెళ్లి ఆ పిల్ల తాగే జున్నుపాలు పెద్దకడుపులోకి పోకుండా నేరుగా నాలుగో కడుపుకు చేరతాయి. సూక్ష్మజీవుల చేతిలో పడని ఆ లినోలీక్ ఆమ్లం రక్తంలో పెరుగుతూ ఉంటే మీడ్ ఆమ్లం తగ్గుతూ పోతుంది.