ఉమ్మడం రాని గుంటడికి కళ్లె పరీక్ష ఎలా?

సోంపేట నుంచి మా వదిన ఫోన్ చేసింది. పక్కింటి గుంటడికి ఎనిమిదో నెల, బరువు పెరగట్లేదు, దగ్గు తగ్గట్లేదు, డాక్టరుగారు టీబీ అనుమానంతో కళ్లె పరీక్ష రాశారంట. "ఆడికి ఉమ్మడమే రాదు కదరా, ఎలా తీస్తారు?" అంది. భలే ప్రశ్న.

పసిపిల్లలు ఉమ్మరు, మింగేస్తారు. ఊపిరితిత్తుల్లోంచి పైకొచ్చిన తెమడ నిద్రలో కూడా గొంతు దాటి పొట్టలోకి దిగిపోద్ది, అందుకే డాక్టర్లు పొట్టలోనే వెతుకుతారు. సాయంత్రం వల వేసి తెల్లారగట్ల లాగడం భావనపాడు జాలర్లకి నేను చెప్పాలా? ఇదీ అంతే. కనీసం 4 గంటలు పాలు ఆపి, పిల్లోడు లేవకముందే ముక్కులోంచి సన్న గొట్టం పొట్టలోకి దించి సిరంజితో లాగుతారు. లేచి పాలు తాగాడా, రాత్రంతా పోగైంది పేగుల్లోకి జారిపోద్ది, వల ఖాళీ. పడ్డ చేపకి ఐసు ఎలాగో దీనికి యాసిడ్‌ని విరిచే సోడియం బైకార్బొనేట్ అలాగ, ల్యాబుకి చేరడం లేటయితే పొట్టలోని యాసిడ్ బ్యాక్టీరియాని చంపేస్తది, మైనం పూసినట్టుండే గోడ ఉన్నా సరే. ఒక్కరోజు వలకి పడకపోతే వరసగా మూడు పొద్దుటలు లాగుతారు.

చేపలే తక్కువ మరి, అసలు చిక్కు అదే. మైక్రోస్కోపులో కనపడాలంటే మిల్లీలీటరుకి 5,000 నుంచి 10,000 బ్యాక్టీరియా ఉండాలి, పసివాళ్ళలో అన్నెక్కడివి? కల్చర్‌కి, అంటే ల్యాబులో బ్యాక్టీరియాని పెంచి చూడ్డానికి, 10 నుంచి 100 చాలు గానీ వారాలు పడతది. సీబీనాట్ అని టీబీ డీఎన్‌ఏని పట్టే మెషీను పరీక్ష ఉంది, అందులో కొత్త అల్ట్రా రకం ఐఎస్6110, ఐఎస్1081 అనే డీఎన్‌ఏ ముక్కల కోసం చూస్తది, ఒక్కో బ్యాక్టీరియాలో అవి చాలా కాపీలుంటాయి కాబట్టి కొద్దిపాటి వాటినీ పట్టేస్తది, పైగా గంటల్లో రిజల్టు. మింగింది ఎటూ కిందకి రావాల్సిందే కదా, మలంలో కూడా డీఎన్‌ఏ దొరుకుద్ది, గొట్టం బాధ లేదు!

ఈలోగా బాలగ్రహం అని పొట్టమీద వాతలు పెట్టేవాళ్ళుంటారు చూడండి, ఒళ్ళు మండుద్ది నాకు.

ఇన్ని చేసినా నెగెటివ్ వచ్చిందంటే టీబీ లేదని కాదు. చర్మం కింద సూదేసి చూసే మాంటూ పరీక్ష కూడా పసివాళ్ళలో మోసం చేస్తది. ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల మొదట్లో గ్రంథులు వాచాయా, బరువు ఆగిపోయిందా, అన్నీ కలిపి చూసి డాక్టరే మందులు మొదలెడతారు. పుట్టగానే బీసీజీ వేశాం కదా అంటారేమో, అది మెదడుకి పాకే రకాన్ని చాలావరకు ఆపుద్ది గానీ ఊపిరితిత్తుల టీబీకి పూర్తి గ్యారంటీ కాదు.

వదినకి చివర్న ఒకటడిగాను, ఆ ఇంట్లో ఎవరికైనా చాన్నాళ్ళుగా దగ్గుందా అని. నానమ్మకి ఉందంట. ముందు ఆవిడ కళ్లె పరీక్షకి పంపమన్నాను, పసివాళ్ళకి ఇది పెద్దాళ్ళ దగ్గర్నుంచే వస్తది, పెద్దాళ్ళ కళ్లెలో దొరకడం తేలిక, సీబీనాట్ చేస్తే రిఫాంపిసిన్ అనే టీబీ మందుకి లొంగే రకమో కాదో కూడా తెలిసిపోద్ది, గుంటడికి ఏ మందు పడాలో దాన్నిబట్టే తేల్చొచ్చు.