ఏఎస్‌డీఎఫ్ మీ సిస్టమ్‌ను ఎక్కడ వెతుకుతుంది: అపోహలు - వాస్తవాలు

కామన్ లిస్ప్ ప్రోగ్రామింగ్ భాషలో ఫలానా సిస్టమ్ (ఒక ప్రాజెక్టు లేదా లైబ్రరీ) దొరకలేదని ఎర్రర్ రాగానే చాలామంది కోడ్ తిరగేయడం మొదలుపెడతారు. నిజానికి పని కోడ్ దాకా వెళ్ళనే లేదు. సిస్టమ్‌లను వెతికి, కంపైల్ చేసి లోడు చేసే సాధనమైన ఏఎస్‌డీఎఫ్‌కు ఆ సిస్టమ్ నిర్వచనం ఉండే డాట్ ఏఎస్‌డీ ఫైలు చిక్కలేదు, అంతే. ఇంతకన్నా మోసం చేసేది ఇంకొకటుంది: ఫైలు దొరుకుతుంది, కానీ మీరు అనుకున్న ఫైలు కాదు.

అపోహ: ప్రాజెక్టు ఫోల్డర్‌లోంచి ఎస్‌బీసీఎల్ (కామన్ లిస్ప్‌ను నడిపే ప్రోగ్రామ్) తెరిస్తే చాలు, అక్కడి ఏఎస్‌డీ ఫైలు దానంతటదే కనిపిస్తుంది.

వాస్తవం: కనిపించదు. మొదటి తరం ఏఎస్‌డీఎఫ్‌లో ప్రస్తుత ఫోల్డర్ కూడా వెతికే జాబితాలో ఉండేది. ఆ అలవాటే ఇంకా పోలేదు. ఇప్పుడు ఏ సెట్టింగూ లేకుండా మీ హోమ్‌లో చూసే ముఖ్యమైన చోట్లు రెండు. ఒకటి ‘కామన్-లిస్ప్’ అనే ఫోల్డర్ (3.1.2 వెర్షన్ నుంచి). రెండోది డాట్ లోకల్, షేర్, కామన్-లిస్ప్, సోర్స్ అని లోపలికి వెళ్ళే దారి. రెండింట్లోనూ లోపలి ఫోల్డర్లన్నీ గాలిస్తుంది. ప్రాజెక్టు వేరేచోట ఉంటే మొదటి దానిలో ఒక సిమ్‌లింక్ (అసలు ఫోల్డర్‌కు దారిచూపే లింకు) పెడితే సరిపోతుంది. కొత్తవాళ్ళు ఇంతకుమించిన సెట్టింగుల జోలికి వెళ్ళనక్కర్లేదని మా అభిప్రాయం. అన్నట్టు, ఎస్‌బీసీఎల్‌లో ముందు ‘రిక్వైర్’తో ఏఎస్‌డీఎఫ్‌నే తెచ్చుకోవాలి; తెరవగానే సిద్ధంగా ఉండదు.

అపోహ: సెంట్రల్ రిజిస్ట్రీ, సోర్స్ రిజిస్ట్రీ రెండూ ఒకటే.

వాస్తవం: మొదటిది మామూలు లిస్ప్ వేరియబుల్, ఫోల్డర్ల జాబితా. అందులో రాసిన ఫోల్డర్‌ను మాత్రమే చూస్తుంది, దాని లోపలికి దిగదు. దారి చివర స్లాష్ మరిచిపోతే ఆఖరి ముక్కను ఫోల్డర్‌గా కాక ఫైలు పేరుగా లెక్కవేస్తుంది. రెండోది ఫైళ్ళతో, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌తో నడిచే ఏర్పాటు. ‘ట్రీ’ అని రాస్తే లోపలి ఫోల్డర్లన్నీ, ‘డైరెక్టరీ’ అని రాస్తే ఆ ఒక్కటే. ఒకే పేరుతో రెండు సిస్టమ్‌లుంటే గెలిచేది సెంట్రల్ రిజిస్ట్రీయే, ఎందుకంటే దాన్నే ముందు అడుగుతుంది. ఎప్పుడో ఒక రాత్రి ఇనిట్ ఫైల్లో (లిస్ప్ తెరవగానే చదివే ఫైలు) రాసి మరిచిపోయిన పాత దారి ఈరోజు కొత్త కోడ్‌ను మింగేసేది ఇలాగే.

ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ వాడేవాళ్ళు రెండు గుర్తులు కంఠతా పెట్టాలి. దారి చివర రెండు స్లాష్‌లు ఉంటేనే లోపలి ఫోల్డర్లు కూడా చూస్తుంది. మొత్తం విలువ చివర కోలన్ (విండోస్‌లో సెమీకోలన్) లేకపోతే మీ మిగతా సెట్టింగులను, పైన చెప్పిన రెండు ఫోల్డర్లను కూడా పక్కన పడేస్తుంది. నిన్నటిదాకా ఆడిన సిస్టమ్‌లన్నీ ఒక్కసారిగా మాయమయ్యాయంటే ముందు ఆ కోలన్ ఉందో లేదో చూడండి.

అపోహ: కొత్త ప్రాజెక్టును సరైన ఫోల్డర్‌లోనే పెట్టాను కాబట్టి వెంటనే లోడవ్వాలి.

వాస్తవం: సోర్స్ రిజిస్ట్రీ ఆ సెషన్‌లో ఒక్కసారే గాలించి జాబితా తయారుచేసుకుంటుంది. ఆ తర్వాత వచ్చిన ఏఎస్‌డీ ఫైలు దాని కంట పడదు. ‘క్లియర్-సోర్స్-రిజిస్ట్రీ’ పిలిస్తే మళ్ళీ గాలిస్తుంది; లిస్ప్‌ను మూసి తెరవాల్సిన పని లేదు. ఇంకో మెలిక: గాలించేటప్పుడు డాట్ గిట్‌తో పాటు ‘అండర్‌స్కోర్ బిల్డ్’, ‘డెబియన్’ వంటి పేర్లున్న ఫోల్డర్లను దాటేస్తుంది. మీ కోడ్ ఆ పేరున్న ఫోల్డర్‌లో ఉంటే ఎన్నిసార్లు గాలించినా దొరకదు.

లైబ్రరీలను నెట్ నుంచి దించిపెట్టే క్విక్‌లిస్ప్‌కున్న లోకల్-ప్రాజెక్ట్స్ ఫోల్డర్ సంగతి వేరు. దానికి సొంత ఇండెక్స్ ఫైలు ఉంది. లోకల్-ప్రాజెక్ట్స్ ఫోల్డర్ మారిన సమయం చూసి ఆ ఇండెక్స్‌ను తిరగరాస్తుంది. కొత్త ప్రాజెక్టు తెచ్చి పడేస్తే గమనిస్తుంది గానీ, ఉన్న ప్రాజెక్టు లోపల కొత్త ఏఎస్‌డీ చేరిస్తే గమనించదు. అప్పుడు ‘రిజిస్టర్-లోకల్-ప్రాజెక్ట్స్’ పిలవాలి.

అపోహ: క్విక్‌లోడ్ (క్విక్‌లిస్ప్‌లో లోడు చేసే కమాండ్) ఎప్పుడూ నెట్ నుంచి దించిందే లోడు చేస్తుంది.

వాస్తవం: క్విక్‌లిస్ప్ తన వెతుకులాటను ఏఎస్‌డీఎఫ్ జాబితా చివర తగిలిస్తుంది. అంటే మీ కామన్-లిస్ప్ ఫోల్డర్‌లో అదే పేరుతో కాపీ ఉంటే అదే లోడవుతుంది. లైబ్రరీని సరిదిద్దుకుని వాడేవాళ్ళకు ఇది వరం, మరిచిపోయినవాళ్ళకు తలనొప్పి. ఒకే ట్రీలో రెండు కాపీలుంటే ఏది ఎంచుకుంటుందన్న దానిమీద ఆధారపడకండి. ‘సిస్టమ్-సోర్స్-ఫైల్’కు పేరిచ్చి అడిగితే ఏ ఫైలు తీసుకుందో పూర్తి దారి చెబుతుంది. అనుమానం వచ్చినప్పుడు మొదట చేయాల్సింది ఇదే.

అపోహ: ఏఎస్‌డీ ఫైల్లో సిస్టమ్‌కు ఏ పేరైనా పెట్టొచ్చు.

వాస్తవం: వెతికేది ఫైలు పేరుతోనే. ‘వంట’ అనే సిస్టమ్ వంట డాట్ ఏఎస్‌డీలో ఉండాలి. అదే ఫైల్లో ‘వంట-టెస్ట్’ అని ఇంకొకటి రాస్తే, అడిగినప్పుడు వంట-టెస్ట్ డాట్ ఏఎస్‌డీ కోసం వెతుకుతుంది, దొరకదు. ముందే వంటను లోడు చేసి ఉంటే మాత్రం దొరుకుతుంది; అందుకే మీ మెషిన్‌లో ఆడి, సర్వర్‌లో పడిపోతుంది. ‘వంట స్లాష్ టెస్ట్’ అని స్లాష్‌తో రాయండి. స్లాష్ ముందున్న భాగాన్ని బట్టి సరైన ఫైలుకే వెళ్తుంది. పేర్లన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో ఉండనివ్వండి.

అపోహ: ఏఎస్‌డీ ఫైలును మామూలు ‘లోడ్’తో లోడు చేస్తే సిస్టమ్ వచ్చేసినట్టే.

వాస్తవం: వచ్చింది నిర్వచనం ఒక్కటే, కోడ్ కాదు. పైగా మామూలు లోడ్ మీరున్న ప్యాకేజీలోనే (పేర్లను వేరుగా ఉంచే విభాగం) ఫైలును చదువుతుంది కాబట్టి ‘డెఫ్‌సిస్టమ్’ అంటే ఏమిటో తెలియక ఆగిపోవచ్చు. ‘లోడ్-ఏఎస్‌డీ’ సరైన ప్యాకేజీ ఏర్పాటు చేసుకుని చదువుతుంది. ఆ తర్వాత ‘లోడ్-సిస్టమ్’ పిలిస్తేనే కంపైల్, లోడు జరుగుతాయి. డిపెండెన్సీలు (ఆ సిస్టమ్‌కు కావలసిన ఇతర సిస్టమ్‌లు) మాత్రం అప్పుడు కూడా రిజిస్ట్రీలోనే దొరకాలి.

అపోహ: స్క్రిప్ట్‌లో పని చేయట్లేదంటే ఏఎస్‌డీఎఫ్ పాడైనట్టే.

వాస్తవం: ఎస్‌బీసీఎల్‌ను ‘స్క్రిప్ట్’ ఆప్షన్‌తో నడిపితే ఇనిట్ ఫైలు చదవదు. అక్కడ రాసుకున్న క్విక్‌లిస్ప్ సెటప్, సెంట్రల్ రిజిస్ట్రీ దారులు రెండూ పోతాయి. సోర్స్ రిజిస్ట్రీ సెట్టింగులను చదివేది స్వయంగా ఏఎస్‌డీఎఫ్ కాబట్టి అవి నిలుస్తాయి. క్విక్‌లిస్ప్ కావాలంటే స్క్రిప్ట్ మొదట్లోనే దాని సెటప్ ఫైలును లోడు చేయండి.