ఫ్లైట్ దూరం, టైం: అపోహలు - వాస్తవాలు

అమీర్‌పేటలో టికెట్లు బుక్ చేస్తుంటా. పిల్లల దగ్గరికి అమెరికా పోయే అమ్మానాన్నలే మా దగ్గరికి ఎక్కువ, అందరిదీ ఒకటే లెక్క, కిలోమీటర్లని ఫ్లైట్ స్పీడ్, అంటే గంటకి 900తో భాగిస్తే టైం వచ్చేస్తుంది కదా అని. రాదు సార్.

అపోహ: దిగే టైంలోంచి ఎక్కే టైం తీసేస్తే ప్రయాణం ఎంతసేపో తెలుస్తుంది.

టికెట్ మీద ఉండేవి ఏ ఊరి టైం ఆ ఊరిదే. శంషాబాద్‌లో పొద్దున 10కి ఎక్కి దుబాయ్‌లో 12:15కి దిగితే రెండుంబావు గంటలే అనుకుంటారు, కానీ దుబాయ్ మనకన్నా గంటన్నర వెనక, అది కలిపితే మూడుంముప్పావు. వచ్చేటప్పుడు రాత్రి 9కి ఎక్కితే ఇక్కడ 2కి దిగుతారు, "పోయేటప్పుడు రెండు గంటలు, వచ్చేటప్పుడు ఐదు గంటలేంది బాబూ" అని ఒక పెద్దాయన నాతో గట్టిగానే పెట్టుకున్నారు, నిజానికి ఆయన వచ్చింది మూడున్నర గంటల్లోనే! అన్నట్టు 12వ తేదీ తెల్లవారుజామున 3:30 ఫ్లైట్ అంటే 11 రాత్రికే ఎయిర్‌పోర్ట్‌లో ఉండాలి, 12 రాత్రి బ్యాగులు సర్దుకుని వచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

అపోహ: భూమి తూర్పుకి తిరుగుతుంది కాబట్టి పడమటికి పోతే ఊరే ఎదురొస్తుంది, తొందరగా చేరతాం.

పరిగెత్తే ఎంఎంటీఎస్ లోకల్ ట్రైన్‌లో నిలబడి పైకి ఎగిరితే వెనక బోగీలో పడతామా? గాలి కూడా భూమితో పాటే తిరుగుతుంది. పైగా జరిగేది ఉల్టా, 10 కిలోమీటర్ల ఎత్తులో పడమర నుంచి తూర్పుకి జెట్ స్ట్రీమ్ అని గాలి ఉంటుంది, చలికాలంలో గంటకి 200 కిలోమీటర్లు కూడా దాటుతుంది. హైదరాబాద్ నుంచి లండన్ సుమారు 7,750 కిలోమీటర్లు, పోయేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు అదే గాలి వెనక నుంచి తోస్తుంది, అందుకే రిటర్న్ తొందరగా అవుతుంది. 2016లో ఎయిర్ ఇండియా ఢిల్లీ-శాన్‌ఫ్రాన్సిస్కో ఫ్లైట్‌ని అట్లాంటిక్ వైపు కాకుండా తూర్పుకి పసిఫిక్ మీదుగా తిప్పింది, దూరం పెరిగి 15,300 కిలోమీటర్లు అయింది, గాలి వెనక నుంచి తోయడంతో టైం మాత్రం తగ్గింది.

అపోహ: దుబాయ్ మీదుగా డల్లాస్ అంటే పెద్ద చుట్టు.

హైదరాబాద్ నుంచి తిన్నగా లెక్కేస్తే 14,400 కిలోమీటర్లు, దుబాయ్ మీదుగా 15,500 లోపే, అంటే గాల్లో ఎక్కువయ్యేది గంటా గంటంబావు అంతే. సీటు ముందు స్క్రీన్‌లో గీత ఉత్తరానికి వంగి కనిపిస్తే అది కూడా చుట్టు కాదు, గుండ్రటి భూమి మీద అదే దగ్గరి దారి. అసలు చుట్టంటే 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన ఆకాశం మూసేశాక మన ఎయిర్‌లైన్స్ పడ్డ తిప్పలు, ఢిల్లీ నుంచి అమెరికా పోయేవి కొన్ని యూరప్‌లో ఆగి ఆయిల్ కొట్టించుకుని పోయాయి.

మిగతా టైం మొత్తం తినేది లేఓవరే, అంటే మధ్యలో ఫ్లైట్ మారడానికి ఆగే టైం. అలాగని గంటంబావు లేఓవర్ దొరికిందని ఎగబడకండి, మొదటి ఫ్లైట్ అరగంట లేటైతే రెండోది పోయినట్టే, వీల్‌చైర్ పెట్టిన పెద్దవాళ్లకైతే మూడు గంటల గ్యాప్ లేనిదే నేను బుక్ చెయ్యను, వాళ్లబ్బాయి అక్కడి నుంచి ఫోన్ చేసి ఎంత అరిచినా సరే.