తిన్నగా పోయే వస్తువుకీ కోణీయ ద్రవ్యవేగం ఉంటుంది: కొన్ని అపోహలు, వాస్తవాలు

ఈ వారంలోనే ముగ్గురు పిల్లలు ఒకే లెక్క పట్టుకుని స్టాఫ్‌రూమ్‌కి వచ్చారు, ముగ్గురి నోట్‌బుక్‌లోనూ ఒకటే తప్పు. పైకొన హింజ్‌కి బిగించి నిలువుగా వేలాడుతున్న కడ్డీ, పక్క నుంచి వచ్చి కింది కొనకు అతుక్కుపోయే బంకమట్టి ముద్ద, ఆ వెంటనే కడ్డీ కోణీయ వేగం ఎంత అని ప్రశ్న. ముగ్గురూ మొదటి లైన్లోనే "ఢీకొనక ముందు కోణీయ ద్రవ్యవేగం సున్నా" అని రాసేశారు. ఇంటర్ పిల్లలకి ఇన్నేళ్లుగా పాఠం చెబుతున్నాను, భ్రమణ గమనం చాప్టర్‌లో మార్కులు ఎక్కువగా పోయేది ఇక్కడే. అందుకే దీని గురించే ఎక్కువ రాస్తాను.

అపోహ: గుండ్రంగా తిరిగేదానికే కోణీయ ద్రవ్యవేగం ఉంటుంది, తిన్నగా పోయేదానికి ఉండదు.

వాస్తవం: అసలు ఏ బిందువు చుట్టూ అని చెప్పకుండా కోణీయ ద్రవ్యవేగం ఎంత అని అడగడమే కుదరదు. ముందు బిందువు పెట్టుకోవాలి. ఆ బిందువు నుంచి వస్తువు పోతున్న గీత మీదకు లంబం గీసి, ఆ లంబ దూరాన్ని ద్రవ్యవేగంతో (ద్రవ్యరాశి ఇంటూ వేగం) గుణించాలి, అంతే. ఇందులో వస్తువు తిరగాలన్న షరతు ఎక్కడుంది? ఆ గీత సరిగ్గా మీరు పెట్టిన బిందువు మీదుగా పోతేనే సున్నా.

నేను ఇంటర్ చదివేటప్పుడు ఇదే తప్పు చేస్తే మా సార్ కోప్పడలేదు. సగం తెరిచి ఉన్న క్లాసు తలుపు మీదకి డస్టర్ విసిరారు. మొదటిసారి బందుల పక్కన తగిలింది, తలుపు కదిలీ కదలనట్టు ఊరుకుంది. రెండోసారి దాదాపు అంతే వేగంతో గడియ దగ్గర తగిలింది, తలుపు గిర్రున తిరిగి గోడకి కొట్టుకుంది. గడియ పక్కన పడిన ఆ సుద్ద మచ్చ ఇప్పటికీ నా కళ్ల ముందుంది. డస్టర్ తిన్నగానే వచ్చింది కదా, మరి తలుపుకి ఆ తిరుగుడు ఎవరిచ్చారు అని అడిగారు. ఆ ప్రశ్నతోనే నాకు అర్థమైంది.

ఇప్పుడు లెక్క చూద్దాం. కడ్డీ 3 కిలోలు, పొడవు 1 మీటరు. హింజ్ చుట్టూ దాని జడత్వ భ్రామకం (తిప్పబోతే ఎంత మొండికేస్తుందో చెప్పే కొలత), ద్రవ్యరాశి ఇంటూ పొడవు వర్గం బై 3, అంటే 1. ముద్ద పావు కిలో, వేగం సెకనుకు 10 మీటర్లు. హింజ్ నుంచి లంబ దూరం 1 మీటరు కాబట్టి ఢీకొనక ముందే ముద్ద కోణీయ ద్రవ్యవేగం 2.5. ముద్ద అతుక్కున్నాక మొత్తం జడత్వ భ్రామకం 1.25. హింజ్ చుట్టూ కోణీయ ద్రవ్యవేగం మారదు, కాబట్టి 2.5 బై 1.25, కోణీయ వేగం సెకనుకు 2 రేడియన్లు. మూడు లైన్ల లెక్క ఇది. మొదట సున్నా వేసిన పిల్లలకి జవాబు కూడా సున్నాయే రావాలి, అది కుదరదని వాళ్లకీ తెలుసు, అక్కడే టెన్షన్ పడి గతిజ శక్తి సమానం చేసేస్తారు. ముద్ద అతుక్కుపోయే అభిఘాతం అది, మొదట ఉన్న 12.5 జౌళ్లలో మిగిలేది 2.5 మాత్రమే.

వాళ్లలో ఒకమ్మాయి పేజీ చిరిగేదాకా చెరిపి చెరిపి రాసింది. "సార్, పోనీ రేఖీయ ద్రవ్యవేగ నిత్యత్వం వాడితే తప్పా?" అని భయంభయంగా అడిగింది. తప్పేనమ్మా, కానీ అడగాల్సిన ప్రశ్నే. ముందు రేఖీయ ద్రవ్యవేగం 2.5. తర్వాత కడ్డీ మధ్య బిందువు వేగం 1, ముద్ద వేగం 2, ఎవరి ద్రవ్యరాశితో వాళ్లని గుణిస్తే 3, 0.5, రెండూ కలిపితే 3.5. పెరిగింది! ఆ అదనపు 1 హింజ్ ఇచ్చింది. కింది కొనకు దెబ్బ తగిలితే పై కొన వెనక్కి పోబోతుంది, హింజ్ దాన్ని ముందుకు నెట్టి పట్టుకుంటుంది. హింజ్ బలం హింజ్ దగ్గరే పనిచేస్తుంది కాబట్టి ఆ బిందువు చుట్టూ దాని టార్క్, అంటే తిప్పే ప్రభావం, సున్నా. హింజ్‌నే బిందువుగా తీసుకునేది ఇందుకే. వేరే బిందువు తీసుకుంటే హింజ్ ప్రచోదనం (ఆ క్షణంలో అది ఇచ్చే నెట్టు) కూడా లెక్కలోకి వచ్చి కూర్చుంటుంది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. జారకుండా దొర్లే చక్రానికి, అంటే డిస్క్‌కి, నేల మీది బిందువు చుట్టూ అడిగితే ఐ ఒమేగా (జడత్వ భ్రామకం ఇంటూ కోణీయ వేగం) ఒక్కటే రాసి ఆపేయకండి, కేంద్రం ముందుకు పోతున్న భాగమూ కలపాలి, అప్పుడు ఎంవీఆర్‌కి (ద్రవ్యరాశి ఇంటూ వేగం ఇంటూ వ్యాసార్ధం) ఒకటిన్నర రెట్లు వస్తుంది. తిరిగే స్టూలు మీద కూర్చుని డంబెల్స్ దగ్గరికి లాక్కుంటే కోణీయ ద్రవ్యవేగం మారదు కానీ గతిజ శక్తి పెరుగుతుంది, ఆ శక్తి ఇచ్చింది చేతి కండరాలు. నిమిషానికి 300 చుట్లు అని ఇస్తే ముందు సెకనుకు 31.4 రేడియన్లుగా మార్చుకోండి.

ఇక "ఈ చాప్టర్ వదిలేసినా పర్లేదు" అని వాట్సాప్‌లో తిప్పే మెసేజ్‌లు దయచేసి నమ్మకండి. ఇది వదిలేస్తే కెప్లర్ రెండో నియమం (సూర్యుడి నుంచి గ్రహానికి గీసిన గీత సమాన కాలాల్లో సమాన వైశాల్యాలు చుడుతుంది) బట్టీ పట్టడం తప్ప దారి లేదు, దాని వెనక ఉన్నది కోణీయ ద్రవ్యవేగం మారకపోవడమే. భూమి జనవరి మొదట్లో సూర్యుడికి సుమారు 14.7 కోట్ల కిలోమీటర్ల దూరంలో సెకనుకు 30.3 కిలోమీటర్ల వేగంతో పోతుంది, జులై మొదట్లో 15.2 కోట్ల దూరంలో 29.3 వేగంతో. గుణించి చూడండి, రెండుసార్లూ 445 దగ్గరే వస్తుంది. రెండో సంవత్సరంలో బోర్ పరమాణు నమూనా వస్తుంది, 1913లో ఆయన పెట్టిన షరతే ఎలక్ట్రాన్ కోణీయ ద్రవ్యవేగం మీద. అప్పుడేం చేస్తారు?

ఆ అమ్మాయి మర్నాడు ప్రక్షేపకం లెక్క తెచ్చింది. 200 గ్రాముల బంతి, సెకనుకు 20 మీటర్లతో 30 డిగ్రీల కోణంలో విసిరారు, గరిష్ఠ ఎత్తు దగ్గర, విసిరిన బిందువు చుట్టూ ఎంత అని. ఎత్తు 5 మీటర్లు, అక్కడ అడ్డంగా వేగం 17.3, జవాబు కూడా 17.3. ఈసారి పేజీ పైన అన్నిటికంటే ముందు ఎర్ర పెన్నుతో విసిరిన చోట చుక్క పెట్టుకుంది.